ఫిరంగి బండి

కోటలను చూడబోవువారు ఫిరంగి కడ తప్పక ఆగుదురు. దాని గొట్టములోనికి తొంగి చూతురు. గుండు బరువెంత, అది ఎంత దూరము పోయెడిది అని అడుగుదురు. అంత లోహము ఆ బురుజు మీదికి ఎట్లు వచ్చెనని అడుగువారు అరుదు. గోలకొండ కోటలో పెట్ల బురుజుపై ఫతే రహబర్ అను ఫిరంగి యున్నది. 1687లో ఆ కోటను ముట్టడించిన ఔరంగజేబు సైన్యము వాడిన ఫిరంగులలో అది యొకటి. అట్టి బరువులను దక్కను దారుల వెంట లాగినవి ఎద్దులు, ఏనుగులు. మైసూరును ఏలిన హైదరాలీ, టిప్పు సుల్తానులు ఫిరంగులను లాగుటకై అమృత మహల్ జాతి ఎద్దులను ప్రత్యేకముగ పోషించిరి. ఫిరంగులను పేల్పించిన సేనానుల పేర్లు చరిత్రకెక్కినవి. బండి ఇరుసుకు కందెన పెట్టినవారి పేర్లు ఎక్కలేదు.

అమెరికా దేశ చరిత్రలో మాత్రము, ఫిరంగులను లాగించుటచేతనే పేరు పొందిన వాడొకడు కలడు. 1775లో ఆంగ్ల సైన్యము బోస్టన్ నగరమును పట్టుకొని యుండెను. నగరము వెలుపల జార్జి వాషింగ్టన్ సేన విడిసియుండెను గాని, ఆ సేనకు పెద్ద ఫిరంగులు లేవు. హెన్రీ నాక్స్ అను 25 ఏండ్ల యువకుడు, అంతకు ముందు పుస్తకముల దుకాణము నడపినవాడు, దూరముననున్న టికండెరోగా కోటనుండి ఫిరంగులను తెచ్చుటకు పూనుకొనెను. ఫిరంగులు 59, దారి సుమారు 480 కిలోమీటర్లు, కాలము శీతకాలము. మంచు మీద జారెడి చక్రములు లేని బండ్లను చేయించి, వానికి ఎద్దులను, గుఱ్ఱములను కట్టించి, గడ్డకట్టిన నదులను దాటించెను. ఒకచోట మంచు పగిలి ఫిరంగి నీట మునుగగా దానిని మరల పైకి తీయించెను. 1776 మార్చి మాసమున ఆ ఫిరంగులను గుట్టలపై నిలుపగా, మార్చి 17న ఆంగ్ల సైన్యము బోస్టన్‌ను విడిచి ఓడలెక్కెను.

ఆ దేశములోనే, పెన్సిల్వేనియా రాష్ట్రమున, ఒక చిన్న యూరిలో నివసించు వృద్ధుడొకడు ఈ కథను తన మనుమరాలికి పలుమారు చెప్పియుండెను. అయినను ఫిరంగిని లాగుట యన నేమో ఆయనకు స్వయముగ తెలియవచ్చినది 70 ఏండ్లు దాటిన పిమ్మటనే.

ఆయన కర్మాగారములో 40 ఏండ్లు లేతు యంత్రముపై పనిచేసి విరమించినవాడు. ఆ రాష్ట్రములోనే గెటిస్‌బర్గ్ అను యుద్ధక్షేత్రము కలదు. అమెరికాలో 1861 మొదలు 1865 వరకు అంతర్యుద్ధము జరిగినది. 1863 జూలై 1వ తేదీనుండి 3వ తేదీ వరకు గెటిస్‌బర్గ్ పొలములలో ఘోరమైన పోరు సాగినది. ఆ పొలములలో నేటికిని వందలకొలది ఫిరంగులు వరుసలు తీరి యున్నవి. వానిని చూచి ముచ్చటపడి, కొలతలు తీసి, అదే రూపమున చిన్న ఫిరంగులను చేసికొనువారు ఆ దేశమున పలువురు కలరు. ఈ వృద్ధుడును అట్టివాడే. ఆయన చేసిన ఫిరంగులు రెండు. ఒకటి 1857 నాటి నెపోలియన్ ఫిరంగికి సగము కొలత గలది. ఫ్రాన్సు చక్రవర్తి యగు మూడవ నెపోలియన్ పేరిట వెలసిన ఆ కంచు ఫిరంగిని అంతర్యుద్ధమున ఇరుపక్షములవారును వాడిరి. రెండవది పారట్ అను నాతడు రూపొందించిన ఇనుప ఫిరంగికి 3వ వంతు కొలత గలది.

ఇవి ఆటబొమ్మలు కావు. మందు కూరి నిప్పంటించినచో నిజముగ పేలును. కావున వాని కడ శిక్షణ పొందిన పెద్దలే పనిచేయుదురు. పిల్లలను దూరముగ నిలుపుదురు. ఈ వృద్ధుడు గుండు వేసి ఎన్నడును పేల్చలేదు. ఏడాదికి ఒక్కసారి, మే నెల చివరి సోమవారమున, మందు మాత్రము కూరి పెద్ద ఫిరంగిని పేల్చెడివాడు. ఆ దినము యుద్ధములలో మృతిచెందిన సైనికులను స్మరించు దినము. ఊరివారు గుట్టపైనున్న శ్మశానవాటికలో చేరి, ఆ యూరినుండి పోయి మరలిరాని వారి పేర్లను ఒక్కొక్కటిగ చదువుదురు. పేర్లు ముగియగనే ఫిరంగి ఒక్కసారి మ్రోగును. ఆ పేర్లలో 1968లో వియత్నాము యుద్ధమున చనిపోయిన ఆయన అన్నగారి పేరు కూడ నుండెను. ఫిరంగిని ఎందులకు చేసితివని యెవరైన అడిగినచో ఆయన ఈ మాట చెప్పెడివాడు కాడు. తీరిక దొరికినది, చేసితిని, అని ఊరకుండెడివాడు.

మనుమరాలికి 13 ఏండ్లు. సగము కొలత ఫిరంగిని తొలిసారి కదల్పబోయి, అది అంగుళమైనను కదలకపోవుటచే ఆమె ఆశ్చర్యపడెను.

"తాతా! నిజమైన ఫిరంగిలో ఇది సగమే కదా! బరువు కూడ సగమే యుండునా?" అని అడిగెను.

తాత నవ్వి, కొయ్యతో చేసిన సమానమైన చిన్న ఘనములను ఎనిమిదింటిని తెచ్చెను. నాలుగింటిని చతురముగ పేర్చి, వానిపై తక్కిన నాలుగింటిని పెట్టెను. పెద్ద ఘనము ఏర్పడెను.

"ఈ పెద్ద ఘనమునకు ఒక అంచున ఎన్ని కొయ్యలున్నవి?"

"రెండు."

"మొత్తము ఎన్ని?"

"ఎనిమిది."

"కావున కొలతను సగము చేసినచో బరువు సగము కాదు, ఎనిమిదవ వంతు. పొడవు సగము, వెడల్పు సగము, ఎత్తు సగము. నిజమైన నెపోలియన్ గొట్టము సుమారు 550 కిలోలు తూగును. దీని గొట్టము ఎంత తూగవలెను?"

ఆమె లెక్క కట్టి, 70 కిలోలకు కొంచెము తక్కువ అని చెప్పెను. కొయ్యబండితో, చక్రములతో కలిపి ఆ ఫిరంగి మొత్తము బరువు 130 కిలోలు. "మఱి 3వ వంతు కొలత గల ఫిరంగియో?" అని తాత అడుగగా, ఆమె క్షణకాలము ఆలోచించి, "27వ వంతు" అనెను. పారట్ ఫిరంగి అసలు గొట్టము 400 కిలోలకు పైబడి యుండును. చిన్నదానిని తూచి చూడగా 15 కిలోలు తూగెను. లెక్క సరిపోయినందులకు ఆమె సంతోషించెను.

లెక్కలో ఎనిమిదవ వంతైనను 130 కిలోలు 130 కిలోలే. పూర్వము పొరుగువారిద్దరు తోడురాగా ముగ్గురును కలిసి ఆ ఫిరంగిని లారీపైకి నెట్టి గుట్టకు చేర్చెడివారు. ఆ యిద్దరిలో ఒకరు ఊరు విడిచిరి. ఒకరు కాలము చేసిరి. 2022లో వృద్ధునకు నడుమునొప్పి పట్టుకొనెను. 10 కిలోలకు మించి ఎత్తరాదని వైద్యుడు చెప్పెను. ఆ యేడు పేర్లు చదివిరి గాని ఫిరంగి మ్రోగలేదు. సభ ముగిసిన తరువాత ఆయన ఇల్లు చేరి, ఫిరంగులను ఏదైన ప్రదర్శనశాలకు ఇచ్చివేయుదునని ఇంటివారితో చెప్పెను.

"దానికి చక్రములున్నవి కదా! లాగుకొని పోరాదా?" అని మనుమరాలు అడిగెను.

ప్రశ్న మంచిదే. ఫిరంగిబండికి చక్రములు రెండే. వెనుక తోకవలె పొడవైన దూలము నేలపై ఆనియుండును. ప్రయాణమున ఆ తోకను ఎత్తి, దాని చివరనున్న ఇనుప కంటిని మఱియొక చిన్న బండి కొక్కెమునకు తగిలించెడివారు. అపుడది నాలుగు చక్రముల బండి యగును. దానిని ఆరు గుఱ్ఱములు లాగెడివి. ఆ యేర్పాటు మట్టిదారులకు తగినది. తారురోడ్డుపై ఇనుపపట్టాల చక్రములు జారును. పల్లమున ఆపుటకు ఈ చిన్న ఫిరంగికి ఏ సాధనమును లేదు. 130 కిలోల బరువు చేయి దాటి దిగజారినచో దాని ముందు నిలువగలవా రెవరు?

"అట్లయిన దానికొక బండి చేయుదము" అనెను మనుమరాలు.

తాత వెంటనే ఒప్పుకొనలేదు. రెండు దినములు ఊరకుండెను. మూడవ దినమున ఆమె బడినుండి వచ్చుసరికి పనిపాకలో బల్లమీద కాగితము పఱచి గీతలు గీయుచుండెను.

మొదటి బండి సులభముగ ముగిసెను. ఇనుప చట్రము, దాని క్రింద రెండు చిన్న చక్రములు, చక్రములపై చెక్కపలక, ముందు లాగుటకు నొగ. చూచుటకు చక్కగ నుండెను. అయినను తాత ఫిరంగిని దానిపై ఎక్కింపనీయలేదు. "ఎఱుగని బండిపై ముందు ఇసుక నెక్కింపవలెను" అని, 130 కిలోలు తూగునట్లు ఇసుక బస్తాలను పేర్పించెను. ఇంటి ముందరి వాలుదారి పైకి లాగినంతనే బండి వెనుకకు వ్రాలెను, నొగ మనుమరాలి చేతినుండి తప్పి పైకి లేచెను, బస్తాలు దొర్లిపడెను. ఎవరికిని దెబ్బ తగులలేదు.

ఆమె ముఖము చిన్నబోయెను. తాత మాత్రము నేలపై కూర్చుండి, పుల్లతో మట్టిలో బొమ్మ గీచి చూపెను. పలక చక్రములకు పైన నుండుటచే బరువు ఎత్తున నిలిచినది. ఇరుసు సరిగ నడుమ నుండుటచే, దారి ఎక్కుడు కాగానే బరువు ఇరుసును దాటి వెనుకకు మొగ్గినది. "బరువు తక్కువ ఎత్తున ఉండవలెను, ఇరుసుకు దాదాపు పైననే యుండి, కొంచెము మాత్రము ముందునకు మొగ్గవలెను. అపుడు నొగ పైకి లేవదు. ఎక్కువ మొగ్గినచో లాగువాని చేతులు పీకుకొనిపోవును. తూకమెఱిగిన ఎడ్లబండివాడు ధాన్యపు బస్తాలను పేర్చునపుడు ఇదియే చూచును" అని వివరించెను. నిజమే. ఈ విషయమున తెలుగునాటి బండివానికిని, పెన్సిల్వేనియా బండివానికిని భేదము లేదు. భూమి బరువును లాగెడి తీరు అంతటను ఒక్కటే.

వారు మొదటి బండిని విప్పివేసిరి. రెండవ బండికి పాత మోటారు సైకిళ్ల చక్రములు రెండింటిని సంపాదించిరి. పెద్ద చక్రము గులకఱాళ్లపై సులభముగ దొర్లును. చిన్నది ప్రతి ఱాతికిని తట్టుకొనును. చక్రములు పలకకు ఇరుప్రక్కలను నిలుచునట్లు ఇరుసును నడుమ క్రిందికి వంచి అతికిరి. అందుచే పలక నేలకు 20 సెంటీమీటర్ల ఎత్తుననే నిలిచెను. మోటారు సైకిలు చక్రములకు బ్రేకులుండనే యున్నవి. వాని తీగెలను నొగ కడకు తెచ్చి ఒక పిడికి కలిపిరి. పిడి నొక్కినచో రెండు చక్రములును ఒక్కసారి ఆగును.

ఇక ఫిరంగిని బండిపై ఎక్కించుట యెట్లు? వెనుక 120 సెంటీమీటర్ల పలకలను వాలుగ ఆనించిరి. ఎత్తు 20, పొడవు 120. వాలు పొడవు ఎత్తునకు ఆరు రెట్లు గనుక, పైకి లాగుటకు కావలసిన బలము బరువులో ఆరవ వంతు. అనగా 22 కిలోల బరువు నెత్తునంత. అదియు వృద్ధునకు ఎక్కువే. కావున పలక ముందు భాగమున త్రాడు చుట్టుకొనెడి వించి యొకటి బిగించిరి. దాని పిడి ఇరుసునుండి 25 సెంటీమీటర్ల దూరమున తిరుగును. త్రాడు చుట్టుకొనెడి డోలు అర్ధవ్యాసము రెండున్నర సెంటీమీటర్లు. పిడిపై పెట్టిన బలము త్రాటి కడ పది రెట్లగును. రాపిడిని కలుపుకొన్నను మూడు కిలోలంత బలము చాలును.

"అయిన ఇంత బలము ఎక్కడనుండి వచ్చినది తాతా? ఊరక వచ్చినదా?" అని ఆమె అడిగెను.

"ఊరక ఏదియు రాదు తల్లీ. ఫిరంగి ఒక్క మూర కదలుటకు నీ చేయి పది మూరలు తిరుగవలెను. బలమున తగ్గినది దూరమున చెల్లించుచున్నాము. ఓపిక గలవానికి ఇది లాభమైన బేరము."

ఫిరంగి పలక అంచును త్రొక్కునపుడు బండి వెనుకకు ఒరగకుండ తోక క్రింద రెండు ఊతకోలలు నిలిపిరి. వించిలో పంటిచక్రమును, దానిపై వ్రాలెడి ఇనుప నాలుకను అమర్చిరి. చేయి వదలినను త్రాడు వెనుకకు జారదు. ఫిరంగి చక్రముల ముందు వెనుకల కొయ్యదిమ్మెలు పెట్టి, త్రాళ్లను ఫిరంగి ఇరుసునకును, తోక దూలమునకును వేసి బిగించిరి. చక్రపు ఆకులకు త్రాడు వేయరాదని తాత ముందే హెచ్చరించెను. కుదుపునకు ఆకులు విఱుగును. ముందు ఇసుక బస్తాలతో మూడు సార్లు వాలుదారిని ఎక్కించి దించి చూచిరి. బండి ఒరగలేదు. నాలుగవసారి ఫిరంగి ఎక్కెను. వించి పిడిని త్రిప్పినది మనుమరాలు. ఒక్క చేతితో త్రిప్పెను.

2023 మే 29వ తేదీ సోమవారము. ఉదయము బండి ఇంటినుండి బయలుదేరెను. మనుమరాలును, ఆమె స్నేహితులు ముగ్గురును త్రాళ్లు పట్టి లాగుచుండిరి. వృద్ధుడు నొగ ప్రక్కన నడచుచు బ్రేకు పిడిపై చేయి వేసియుండెను. ఆయన ఏ బరువును ఎత్తలేదు. వంద అడుగుల కొకసారి ఆమె బండిని ఆపించి ముళ్లను తడవి చూచుచుండెను. "ఇంత జాగ్రత్త ఎందులకు?" అని స్నేహితుడు విసుగుకొనగా, "బండి కడ తొందరపడినవారు రెండుమార్లు పనిచేయవలెను" అని ఆమె బదులు చెప్పెను. మొదటి బండి నేర్పిన పాఠము అది.

శ్మశానవాటిక ద్వారము కడ గుట్ట నిటారుగ నుండి, దారిపై గులకఱాళ్లు పఱచియుండెను. పిల్లల కాళ్లు జారెను. బండి ఆగెను, పిమ్మట ఒక జానెడు వెనుకకు నడచెను. తాత పిడి నొక్కెను. చక్రములు బిగిసెను. మనుమరాలు త్రాడు వదలి పరుగున వచ్చి చక్రముల వెనుక కొయ్యదిమ్మెలు పెట్టెను. అందఱును ఊపిరి పీల్చుకొనిరి. అది చూచి ద్వారము కడనున్న ఊరివారు కొందఱు వచ్చి, ఏమియు అడుగకయే త్రాళ్లందుకొనిరి. నలుగురు లాగిన బండిని పదిమంది లాగిరి. అది గుట్ట నెక్కెను.

పేర్లు చదువ నారంభించిరి. అక్షరక్రమమున సాగిన ఆ పట్టికలో అన్నగారి పేరు నడుమ వచ్చెను. వృద్ధుడు తల వంచుకొని, ఖాళీ బండి నొగపై చేయి ఆనించి నిలిచెను. ఆ నిమిషమున ఆయన ఎందులకు ఫిరంగిని చేసెనో మనుమరాలు ఎవరును చెప్పకయే తెలిసికొనెను. చివరి పేరు ముగిసెను. పిల్లలను వెనుకకు పంపి, పెద్దలు తమ తమ స్థానములలో నిలిచిరి. ఫిరంగి ఒక్కసారి మ్రోగెను. ఆ ధ్వని లోయకు ఆవలనున్న కొండలను తాకి మెల్లగ అణగిపోయెను.

సభ ముగిసిన పిమ్మట జనులు ఫిరంగి చుట్టును మూగి ఛాయాచిత్రములు తీసికొనిరి. బండి వైపు ఎవరును చూడలేదు. వృద్ధుడు అందులకు చింతింపలేదు. ఇల్లు చేరినంతనే ఫిరంగిని తుడుచుటకు ముందు బండి ఇరుసుకు కందెన పెట్టించెను.

అటు తరువాత ఆ బండికి తీరిక లేకుండ పోయెను. పొరుగింటివారి వంటచెఱకును మోసినది. గ్రంథాలయమునకు దానముగ వచ్చిన పుస్తకములను మోసినది. మంచు కురిసిన దినములలో, దుకాణమునకు పోలేని ముదుసలులకు పిండి బస్తాలను మోసినది. వలసినపుడు ఎవరైనను వచ్చి తీసికొని పోవచ్చును; తిరిగి తెచ్చునపుడు చక్రములు కడిగి తేవలెను; అదియే తాత విధించిన నియమము. ఫిరంగులను ప్రదర్శనశాలకు ఇచ్చు మాట మరల ఆయన ఎత్తలేదు. ఫిరంగి ఏడాదికొక్కసారి పలుకును. బండి ఏడాది పొడుగునను పనిచేయును.